మీటి చూసే వేలు



నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏడు. మా అవ్వ కంచు చెంబు కొనడానికి ప్రొద్దుటూరు బజారుకు పోతూ నన్ను వెంటబెట్టుకుపోయింది. అంగట్లో పది చెంబులు వరసగా తీసి ముందు పెట్టారు. చూడడానికి అన్నీ ఒకటే. అవ్వ ఒక్కోదాన్నీ ఎడమచేతి మూడు వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి గోటితో ఒక్క మీటు మీటింది. చెవి దగ్గర పెట్టుకుని మోత ఆగిందాకా కళ్లు మూసుకుంది. ఒకదాని మోత తొందరగా ఆగిపోయింది, పక్కకు పెట్టింది. ఇంకొకదాని మోతలో సన్నటి జీర వినబడింది. ఎక్కడో వెంట్రుకంత పగులుందని అదీ పక్కకు పెట్టింది. ఏడో చెంబు మోగితే ఆ మోత అంగడి దాటి బజారులోకి పోయినట్టనిపించింది నాకు. దాని అంచు లోపల బొటనవేలు ఒక చుట్టు తిప్పి, బోర్లించి అడుగు చూసి, అప్పుడు ధర అడిగింది.

అంగడి ఆయన, "అవ్వా, ఉండేదాంట్లో మేలైనదాన్నే ఏరుకున్నావు పో," అన్నాడు. మంచి సరుకు పోయిందన్న బాధ ఆ గొంతులో లేదు. సరుకు తెలిసిన మనిషి చేతికి అది చేరిందన్న తృప్తే వినబడింది.

ఆ చెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అవ్వ లేదు. ఆ చెంబును మీటి మంచిచెడ్డలు చెప్పగల వేలు కూడా మా ఇంట్లో ఇప్పుడు లేదు.

చేతిపనుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ చేసేవాళ్ల గురించే బాధపడతాం. నేతగాళ్లు తగ్గిపోతున్నారు, కంచరులు పని మానేస్తున్నారు, పిల్లలు మగ్గం ఎక్కడం లేదు అంటాం. ఆ బాధ నిజమైనదే. కానీ చేసేవాళ్లతో పాటు ఇంకొకరు కూడా తగ్గిపోయారు. చూసి ఎంచేవాళ్లు, పట్టి చెప్పేవాళ్లు, మా అవ్వలాంటి కొనుగోలుదారులు. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది వాళ్ల గురించి. దానికోసం కర్నూలు, కడప ఊళ్ల నుంచి ఆఫ్రికా దాకా పోయి మళ్లీ మన ఇంటికి వద్దాం.

ఆఫ్రికా ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆఫ్రికాకూ మన రాయలసీమకూ ఉన్న చుట్టరికం చూడాలంటే ఆదోని పోతే చాలు. అక్కడి షాహీ జామియా మసీదును 17వ శతాబ్దంలో కట్టించినవాడు సిద్దీ మసూద్ ఖాన్. ఆయన హబ్షీ, అంటే అబిసీనియా వైపు నుంచి వచ్చిన ఆఫ్రికా జాతివాడు. బీజాపూరు సుల్తానుల కొలువులో ఎదిగి ఆదోనిని ఏలాడు. 1678 తర్వాత కొన్నేళ్లు బీజాపూరు రాజ్య వ్యవహారాలన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచాయి. చివరికి మళ్లీ ఆదోనికే వచ్చాడు. 1688లో ఔరంగజేబు సేనలకు కోట అప్పగించాల్సి వచ్చిందాకా ఇక్కడే ఉన్నాడు. ఆ మసీదు కమానుల కింద నిలబడి రాతి మీది పనితనం చూడండి. ఎక్కడో సముద్రం అవతల మూలాలున్న మనిషి మన రాతినీ మన కూలీలనూ నమ్ముకుని, తన కంటికి నచ్చిందాకా చెక్కించాడని తెలుస్తుంది.

సిద్దీ మసూద్‌కు చిత్రకళ అన్నా ప్రీతే. మొగలుల తరఫున ఆదోనికి అధికారిగా వచ్చిన బికనేరు రాజు అనూప్ సింగ్ దక్కనులో దొరికిన చిత్రాలను, విగ్రహాలను ఎన్నింటినో తన ఊరికి పంపాడు. వాటిలో ఆదోని నుంచి పోయిన చిత్రాలూ ఉన్నాయి. ఆ రాజు 1698లో ఆదోనిలోనే చనిపోయాడు. అట్లా దక్కనీ చిత్రకళ కథలో ఆదోనికీ చోటు దక్కింది. హబ్షీ పాలకుడు పోగుచేశాడు, రాజపుత్ర రాజు దాచాడు. గీసినవాళ్లు ఎంత గొప్పవాళ్లయినా, ఇది మంచిదని గుర్తుపట్టిన ఆ రెండు జతల కళ్లు లేకపోతే ఆ బొమ్మలు మనదాకా వచ్చేవి కావు.

ఇంకో చుట్టరికం హైదరాబాదులో ఉంది. ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికా రౌతుల దళం అది. ఆ వనపర్తి కర్నూలుకు కొన్ని ఆమడల దూరంలోనే ఉంది. సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికావాళ్లూ యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ కలిసి నిలబెట్టిన మర్ఫా వాయిద్యం ఈనాటికీ హైదరాబాదు పెళ్లి ఊరేగింపుల్లో మోగుతోంది. ఎవరూ దాన్ని అద్దాల బీరువాలో పెట్టలేదు. పెళ్లికొడుకు వస్తుంటే మర్ఫా మోగాలని జనం కోరుకున్నారు. కోరుకున్నారు గనుకనే అది బతికింది.

శ్రోతలారా, ఇప్పుడు ఒక బట్ట కథ చెప్తాను. ఇది తెలుగు నేల మీద పుట్టి ఆఫ్రికాలో పెరిగిన కథ.

మన చీరాల ప్రాంతంలోనూ, మదరాసు చుట్టుపక్కలా నేతగాళ్లు గళ్ల బట్ట ఒకటి నేసేవాళ్లు. వ్యాపారంలో దాని పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. పేరుకు చేతిరుమాలే గానీ, వరసగా నేసిన తానులుగా ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికాకు పోయేది. నైజీరియా దేశంలో నైజర్ నది సముద్రంలో కలిసే చోట కలబారి అనే జనం ఉన్నారు. బుగుమ వాళ్ల ముఖ్య పట్టణం. తరతరాలుగా ఈ గళ్ల బట్ట వాళ్లకు ప్రాణం. అక్కడి ఆడవాళ్లు దీన్ని అలాగే కట్టుకుని ఊరుకోలేదు. కూర్చుని, సూదిమొనతో ఒక్కో పోగునూ లేపి, చిన్న కత్తితో తెంచి, ఆ పోగును లాగేసేవాళ్లు. ఇక్కడొకటి, అక్కడొకటి, లెక్క తప్పకుండా. అలా పోగులు తీసేస్తూ పోతే ఎర్ర గళ్ల మీద వేరే నమూనా తేలుతుంది. తాబేలు పెంకు లాంటివీ, ఇంకా రకరకాల గుర్తులూ కనబడతాయి. వాళ్ల భాషలో దాన్ని పెలెతే బితె అంటారు, కోసిన బట్ట అని అర్థం. పోగులు తీసేసినందువల్ల ఆ బట్ట పలచబడి మెత్తగా ఒంటికి అతుక్కుంటుంది. చావుల్లో, పండగల్లో, గౌరవమైన చోట్ల అది ఉండాలి.

ఒక్కసారి ఆలోచించండి. చీరాల గుంత మగ్గం మీద ఒకాయన పడుగూ పేకా కలిపి పోగు మీద పోగు వేశాడు. సముద్రం అవతల ఒకామె అదే బట్ట నుంచి పోగు వెనక పోగు తీసింది. ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరి చేతులూ కలిసి ఒక్క బట్టను తయారు చేశాయి.

నా మనసు పట్టుకున్నది ఇంకొకటి ఉంది. ఆ కలబారి ఆడవాళ్లు అసలు సరుకేదో నకిలీ ఏదో చేత్తో పట్టి, వాసన చూసి చెప్పగలిగేవాళ్లని వాళ్ల మధ్య పనిచేసిన పరిశోధకులు రాశారు. యూరపు మిల్లులు ఈ గళ్ల బట్టకు ఎన్నో నకళ్లు తీశాయి. చవగ్గా కూడా అమ్మాయి. అయినా అసలైన చేనేత బట్టకు అక్కడ తరాలపాటు గిరాకీ నిలిచింది. చీరాల నేతగాడి మగ్గం ఆడిందంటే అందులో బుగుమ ఆడవాళ్ల వేళ్ల నేర్పుకూ వాటా ఉంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు వైపు పోయే దారిలో కోడుమూరు ఉంది. అక్కడి మగ్గాల మీద గద్వాల రకం చీరలు నేస్తారు. తుంగభద్ర దాటితే గద్వాల, ఇవతల కోడుమూరు. నది మధ్యలో ఉన్నా నేత ఒకటే.

నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక పెద్ద పట్నంలో, ఒక పెద్ద దుకాణంలో చేనేత గద్వాల అని చెబితే నమ్మి చీర కొన్నాను. మంచి ధరే పెట్టాను. తర్వాత కోడుమూరులో తెలిసిన నేతగాళ్ల ఇంటికి పోయినప్పుడు అది చూపించాను. ఆ ఇంటి పెద్దాయన చీర మడత విప్పలేదు. అంచు తిరగేసి వెలుతురుకు పట్టి, "అమ్మా, ఇది మరమగ్గం," అన్నాడు. ఎట్లా తెలిసిందని అడిగితే లేచి మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు.

గుంతలో కాళ్లు పెట్టుకుని ఆయన కూర్చున్నాడు. పక్కన వాళ్ల కోడలు. చీర ఒళ్లంతా నూలు, రెండు పక్కలా పట్టు అంచు. ఒళ్లు నేసే నాడె ఒకటి, అంచులకు చెరొక నాడె, మొత్తం మూడు. నూలు పేక అంచు దాకా వచ్చి ఆగుతుంది. అక్కడ పట్టు పేక ఎదురొచ్చి దాన్ని కొక్కెంలా పట్టుకుంటుంది. రెండూ పెనవేసుకుని ఎవరి దారిన వాళ్లు వెనక్కి పోతాయి. ప్రతి వరసకూ ఇదే. ఒక్క అంగుళం నేత ముందుకు జరగాలంటే ఈ చేతులు కలపడం ఎన్నిసార్లు జరగాలో నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి వదిలేశాను. ఆయన నేసిన చీర తిరగేసి నా వేలు పట్టుకుని అంచు కలిసే చోట రాయించాడు. సన్నటి గట్టు తగిలింది, చీర పొడుగునా ఒక నరంలాగా. "ఇదీ గుర్తు. మీరు కొన్నదాంట్లో పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకటే పోయింది, చూసుకోండి," అన్నాడు.

నన్ను మోసం చేసింది ఆ దుకాణమే. కానీ మోసపోయే వీలు నా అజ్ఞానం ఇచ్చింది. ఆ గట్టు తెలిసిన ఆడవాళ్లు ఊరికి పదిమంది ఉంటే, మరమగ్గం చీరను చేనేత అని అమ్మడం ఎవరి తరమూ కాదు. మన తెలియనితనం వల్ల పడే దెబ్బ కూడా ముందు తగిలేది ఆ గుంతలో కూర్చున్న మనిషికే. నాలుగు రోజులు నేసినదానికీ, యంత్రం గంటల్లో దులిపినదానికీ తేడా తెలియని బజారులో ఆయన తన ధర ఎట్లా అడగగలడు?

కోడుమూరు దాటి పోతే ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత కార్మికుల సహకార సంఘం పెట్టారు. కరువు సీమలో మగ్గాన్ని నమ్ముకున్న కుటుంబాలకు నూలు అందించి, నేసిన సరుకు కొని, బజారు చూపించిన సంఘం అది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువాళ్లు దేశమంతా పేరు మోశాయి. సోమప్ప గారికి 1954లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ సంఘం చేసిన పెద్ద పని నా దృష్టిలో ఒకటే. నేసేవాడికీ వాడేవాడికీ మధ్య నమ్మకం నిలబెట్టింది. ఎమ్మిగనూరు దుప్పటి అంటే చాలు, ఇంకో మాట అడిగేవాళ్లు కాదు మన పెద్దలు. ఊరి పేరే హామీగా ఉండేది.

కడప వైపు వస్తే మైదుకూరు దగ్గర వనిపెంట. ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. రాగిలో తగరం కలిస్తే కంచు. రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి. ఈ లెక్కలు కొలిమి ముందు కూర్చున్న కంచరులకు పుస్తకం చూడకుండానే వచ్చు. కరిగిన లోహం రంగు చూసి చెప్తారు. ఈ ఊరికి పెద్ద దూరంలో లేదు బ్రహ్మంగారి మఠం, అదే కందిమల్లాయపల్లె. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి, ఈ ఐదు వృత్తుల వాళ్లూ తమవాడని చెప్పుకునే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి పొందిన చోటు. సుత్తి పట్టిన చెయ్యే దండం పెట్టించుకోదగిన చెయ్యి అని నమ్మిన నేల మనది. అలాంటి నేల మీద ఇత్తడి బిందె ఇప్పుడు అటక మీద ఉంది. పెళ్లి సారెలో పెట్టడానికి మాత్రం కిందికి దిగి, మళ్లీ అటకెక్కుతుంది.

ఎందుకు అటకెక్కిందో కూడా చూడాలి. ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండాలి, లేకపోతే చిలుము ఎక్కుతుంది. నా చిన్నప్పుడు కళాయి పూసే సాయిబు తిత్తి భుజాన వేసుకుని మా వీధిలోకి వచ్చేవాడు. వేపచెట్టు కింద గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదేవాడు. గిన్నె బాగా కాలాక నవసాగరం చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది. ఆ పొగ ఘాటు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తగరం కడ్డీ ఒక్కసారి తాకించి, దూది ఉండతో గిరగిరా తిప్పేవాడు. అంతదాకా నల్లగా ఉన్న గిన్నె లోపల రెప్పపాటులో వెన్నెల పడినట్టయ్యేది. పిల్లలమంతా నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. మా అవ్వ మాత్రం గిన్నె చల్లారాక నీళ్లు పోసి, ఎక్కడైనా పూత తప్పిందేమో చూసి, తప్పితే మళ్లీ పూయించేది.

ఆ సాయిబు రావడం మానేశాక గిన్నెలు అటకెక్కాయి. గిన్నెలు అటకెక్కాక కొత్తవి కొనేవాళ్లు లేరు. కొనేవాళ్లు లేక కొలిమి చల్లారింది. ఒక చేతిపని అంటే ఒక్క మనిషి కాదని నాకు ఇక్కడే అర్థమైంది. పోతపోసే కంచరి, పూత పూసే సాయిబు, మీటి చూసే అవ్వ, ముగ్గురూ ఒక గొలుసు. ఏ కొలికి ఊడినా మిగతా రెండూ జారిపోతాయి.

ఇలాంటి ఊడిపోవడం మన సీమకు కొత్త కాదు. నూటయాభై ఏళ్ల కింద లండను బజారులో కుర్పా అనే పేరుతో నీలిమందు అమ్మేవాళ్లు. ఆ కుర్పా మన కడపే. మన ఊరి పేరు తెల్లవాళ్ల నోట్లో అట్లా మారింది. నీలి ఆకును తొట్లలో నానబెట్టి, ఆ నీళ్లను బాది, అడుగున దిగిన మడ్డిని ఆరబెట్టి, గడ్డలు కోసి ఓడలెక్కించారు. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని బజారులో పెట్టింది. కొన్నేళ్లలోనే మన తొట్లు ఎండిపోయాయి. కొన్నవాళ్లు దూరదేశపు మిల్లులవాళ్లు. వాళ్లకు కావలసింది నీలం రంగు, అది ఎక్కడిదైనా ఒకటే. మన నీలి వాసన తెలిసి, అదే కావాలని పట్టుబట్టేవాళ్లు ఆ బజారులో లేరు.

అదే నీలి నైజీరియాలోని కనో నగరంలో ఇంకా బతికి ఉంది. కోఫర్ మాతా దగ్గరి రంగు గుంతలు 1498 నాటివని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నీలి గుంతలో ముంచి తీసిన బట్ట మొదట పచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలంగా మారుతుంది. ఎన్ని మునకలు వేస్తే అంత చిక్కన. ఆ గుంతలకూ కష్టాలు ఉన్నాయి, యంత్రపు బట్టతో పోటీ ఉంది. అయినా ఆ ముదురు నీలం చూసి గుర్తుపట్టి కట్టుకునేవాళ్లు అక్కడి జనంలోనే ఉన్నారు. అందుకే ఆ గుంతల్లో ఇంకా రంగు ఉంది.

కంబళి సంగతి కూడా చెప్పాలి. పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు కురువలు నల్ల గొర్రెల ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి కంబళ్లు నేసేవాళ్లు. గొర్రెలకాపరికి అది వానలో గొడుగు, చలిలో ఇల్లు, రాత్రికి పరుపు. కురువల దేవుడు బీరప్ప కొలుపులో కంబళి పరవనిదే పని జరగదు. మాంసానికి గిరాకీ పెరిగి ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాక, ఉన్ని తగ్గింది, మగ్గాలూ తగ్గాయి.

ఆఫ్రికా దక్షిణ కొసన లెసోతో అని కొండల దేశం ఉంది. అక్కడి బసోతో జనానికీ కంబళే గుర్తు. 1860లో వాళ్ల రాజు మొషూషూకు ఒక తెల్ల వ్యాపారి ఉన్ని దుప్పటి కానుక ఇచ్చాడని, అప్పటినుంచి అది ఆ జాతి ఉడుపు అయ్యిందని చెప్తారు. అది మగ్గం మీద పుట్టింది కూడా కాదు, మిల్లు సరుకు. కానీ ఆ జనం దానికి తమ లెక్కలు పెట్టారు. గీతలు నిలువుగా వచ్చేట్టే కప్పుకోవాలి, నిలువు గీత ఎదుగుదలకు గుర్తు. పెళ్లికి ఒక రకం, మగపిల్లాడు పెద్దవాడైతే ఒక రకం. పరాయి మిల్లు సరుకును కూడా వాడేవాళ్ల పట్టింపు ఒక సంప్రదాయంగా మార్చింది. మన గొర్రె, మన ఉన్ని, మన చేతి నేత కంబళి మాత్రం సంతలో అడిగేవాళ్లు లేక కూర్చుంది.

ఇంకొక మనిషి గురించి చెప్పి ముగింపుకు వస్తాను. దక్షిణాఫ్రికాలో ఎస్తేర్ మహ్లాంగు అనే పెద్దామె ఉంది. 1935లో పుట్టింది. ఎన్‌డెబెలె జాతి ఆడవాళ్లు తమ ఇంటి గోడల మీద రంగురంగుల కోణాలతో బొమ్మలు వేస్తారు. అమ్మ దగ్గర, అవ్వ దగ్గర పదేళ్ల వయసులో ఆ విద్య నేర్చుకుంది ఆమె. కోడి ఈకే ఆమె కుంచె. కొలబద్ద పెట్టదు, ముందు గీతలు గీసుకోదు. 1991లో ఒక బీఎండబ్ల్యూ కారు మీద ఆ బొమ్మలే వేస్తే ప్రపంచమంతా చూసింది. ఆ ఫొటో చూసినప్పుడు నాకు మా వాకిలి గుర్తొచ్చింది. మన ఆడవాళ్లు కూడా పొద్దున్నే కళ్లాపి చల్లి, రెండు వేళ్ల మధ్య నుంచి పిండి జారవిడుస్తూ, కొలత లేకుండా ఇరవై ఒక్క చుక్కల ముగ్గు తప్పు లేకుండా వేస్తారు. వీధిలో ఎవరి ముగ్గు బాగుందో ఎవరిది చెదిరిందో ఊరి ఆడవాళ్లందరికీ తెలుసు. ముగ్గు ఇంకా బతికుందంటే ఆ చూసే కళ్లు ఇంకా ఉన్నందువల్లే. సంక్రాంతి నాడు పక్కింటి వాకిట్లో ఒక్క నిమిషం నిలబడి, "బాగా కుదిరిందక్కా," అనే మాట ఉన్నందువల్లే.

శ్రోతలారా, ఆ మాటనే మనం మిగతా పనులకూ అందించాలి. ఆళ్లగడ్డ పోతే, ఇప్పుడది నంద్యాల జిల్లా, రాతిలోంచి దేవుణ్ణి తీసే శిల్పులు రోడ్డు పక్కనే పని చేస్తుంటారు. వాళ్ల శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మనం బస్సు కిటికీలోంచి చూసి పోతాం. ఒక్కసారి దిగి, ఉలి పట్టిన మనిషి పక్కన నిలబడి, ఈ గీత ఎందుకు ఇట్లా వంచావని అడగండి. పని తెలిసినవాడికి దాని గురించి అడిగే మనిషి దొరకడం కన్నా సంతోషం లేదు.

గుర్తింపు చీటీలు, ముద్రలు, ప్రభుత్వ పథకాలు అన్నీ కావలసినవే. చేనేత ముద్ర ఉందో లేదో తప్పకుండా చూడండి. దానితో ఆగకండి. చీర కొంటే తిరగేసి అంచు మీద వేలు రాయండి. పాత్ర కొంటే మీటండి. కంబళి కొంటే వాసన చూడండి. తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి. మన ఇళ్లల్లో ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల వేళ్లల్లో ఉన్న చదువు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. సెలవుల్లో పిల్లలను ఒక్క పూట కోడుమూరు మగ్గం ముందు కూర్చోబెట్టండి. మూడు నాడెలు కలిసే చోటు ఒకసారి కళ్లతో చూసిన పిల్ల, జీవితంలో మరమగ్గం చీరను చేనేత అనుకుని కొనదు. ఆ పిల్ల అడిగే ధర న్యాయంగా ఉంటుంది, ఇచ్చే ధర కూడా న్యాయంగా ఉంటుంది. బాగా లేకపోతే బాగా లేదని నేతగాడి ముఖం మీదే చెప్పగలుగుతుంది. దానివల్ల పని ఇంకా పదునెక్కుతుంది.

పోయిన నెల మా అటక మీద నుంచి అవ్వ చెంబు దించాను. చింతపండుతో తోమి, మూడు వేళ్ల మీద నిలబెట్టి, మా మనవరాలి చేతికి దగ్గరగా పెట్టి, మీటమన్నాను. మొదటిసారి గట్టిగా కొట్టింది, మోత మధ్యలో తెగింది. అంచు తాకకుండా వేళ్లు ఎట్లా పెట్టాలో చూపించాను. రెండోసారి మీటింది. మోత చాలాసేపు నిలిచింది. అది ఆగిందాకా పిల్ల కళ్లు మూసుకుంది. ఎవరూ చెప్పలేదు కళ్లు మూసుకోమని.

తర్వాత వంటింట్లోకి పరుగెత్తుకుపోయి, ఉన్న గిన్నెలన్నీ ఒక్కొక్కటే మీటి చూస్తూ కూర్చుంది.